మూడు క్యూట్రిట్‌లలో ఒకటి పోయినా పర్లేదు

క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారం దాచే క్యూబిట్‌కి రెండే లెవెల్స్ (0, 1), మూడో నాలుగో ఉన్న క్యూడిట్‌లు వాడేస్తే తక్కువ హార్డ్‌వేర్‌తో పనైపోతుంది కదా అంటుంటారు, అది సగమే నిజం. లెవెల్స్‌తో పాటు తప్పులూ పెరుగుతాయి మరి. క్యూబిట్‌కి బేసిక్ ఎర్రర్లు 3, మూడు లెవెల్స్ (0, 1, 2) ఉన్న క్యూట్రిట్‌కి 8, నాలుగు లెవెల్స్‌కి వెళ్తే 15. పైగా సూపర్‌కండక్టింగ్ చిప్‌లో పై లెవెల్ మామూలుగా ఇంకా తొందరగా కిందికి జారిపోతుంది.

అయినా నాకు క్యూడిట్‌లంటే మోజు, కారణం తప్పుల్ని సరిచేసే ఒక బుల్లి కోడ్. మూడు క్యూట్రిట్‌లు తీసుకోండి. 0 దాచాలంటే 000, 111, 222 మూడిటినీ సూపర్‌పొజిషన్‌లో (అన్నీ ఒకేసారి ఉన్న కలయికలో) పెడతారు, 1 కి 012, 120, 201, ఇక 2 కి 021, 102, 210. ఇప్పుడు మూడో క్యూట్రిట్ పోయిందనుకుందాం. 1 వరసలో మనకి మిగిలేవి 01, 12, 20. మొదటిదాన్ని రెండోదానికి కలపండి (3 వస్తే 0, 4 వస్తే 1), 01, 10, 22 అవుతాయి, మళ్లీ రెండోదాన్ని మొదటిదానికి కలిపితే 11, 10, 12. చూశారా, అన్నిట్లోనూ మొదటి అంకె 1, దాచింది బయటికొచ్చేసింది, అదీ ఎక్కడా కొలవకుండా (కొలిస్తే సూపర్‌పొజిషన్ చెదిరిపోతుంది)! పోయిన క్యూట్రిట్ ఎవరి చేతికి చిక్కినా 0, 1, 2 సమానంగా కనిపిస్తాయి తప్ప లోపలి సంగతి తెలీదు, అందుకే సూపర్‌పొజిషన్ చెక్కుచెదరదు. మూడు క్యూబిట్‌లతో ఇది కుదరదు, కనీసం నాలుగు కావాలి.

కాకపోతే ఏది పోయిందో తెలిస్తేనే ఈ ఆట. ఎక్కడ తప్పు జరిగిందో కూడా మనమే కనుక్కోవాలంటే ఎన్ని లెవెల్స్ ఉన్నా 5 క్యూడిట్‌లకి తక్కువ కుదరదు, అక్కడ క్యూబిట్‌ల మీద క్యూడిట్‌లకి ఆధిక్యం ఏమీ లేదు.

ఇక ఫాల్ట్ టాలరెన్స్ అంటే సరిచేయడానికి వాడే గేట్లు (క్యూడిట్‌ల మీద చేసే ఆపరేషన్లు) కూడా తప్పుతాయి, ఆ తప్పు పాకకుండా చూసుకోవాలి. క్వాంటమ్ ఎర్రర్ కరెక్షన్ పరిశోధకుడు డేనియల్ గాట్స్‌మన్ 1998లోనే క్యూడిట్‌లకి ఇది ఎలా చెయ్యొచ్చో రాశాడు. ల్యాబ్‌లో మాత్రం 2025లో యేల్ యూనివర్సిటీ వాళ్లు మైక్రోవేవ్ క్యావిటీలో (మైక్రోవేవ్‌ల్ని పట్టి ఉంచే డబ్బాలాంటిది) దాచిన క్యూట్రిట్ ఆయుష్షుని కరెక్షన్ లేని బెస్ట్ క్యూట్రిట్ కంటే 1.82 రెట్లు చేశారు, నాలుగు లెవెల్స్‌కైతే 1.87. అంటే కరెక్షన్ వల్ల నష్టం కాకుండా లాభం వచ్చిందన్నమాట, చిన్న విషయం కాదు. కానీ అది మెమరీ, దాచి ఉంచడం వరకే. అలాంటివి రెండు పెట్టి మధ్యలో గేట్ వేసి, అప్పుడు కూడా లాభమే మిగిలిందంటే నేనూ క్యూడిట్ పార్టీలో చేరిపోతా.