ఊపిరి చాలక కాదు, ఎక్కువై

మా పన్నుల ఆఫీసులో నెలకు రెండే తేదీలు: 11, 20. జీఎస్టీలో అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కి ఒకటి, పన్ను లెక్క తేల్చి కట్టే 3బీకి ఇంకొకటి. క్లయింట్లు బిల్లుల కట్టలను 19వ తేదీ సాయంత్రం తెచ్చి పడేస్తారు. పోర్టల్ కూడా సరిగ్గా అప్పుడే మొరాయిస్తుంది. అలాంటి ఒక ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం నా ఛాతీ బిగుసుకుపోయింది. ఎంత పీల్చినా గాలి లోపలికి దిగినట్టు లేదు. పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలైంది, చేతివేళ్లు కొంకర్లు పోయి మౌస్ పట్టు తప్పింది. పక్షవాతమో గుండెపోటో, రెండింటిలో ఏదో ఒకటి అనుకున్నాను.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. గుండెకు ఏమీ లేదని ఇంటికి పంపించారు. తర్వాత ఎకో (గుండె స్కానింగ్), థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకున్నాం. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అమ్మ మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట: "గ్యాసే, వాము నమిలి వేడినీళ్లు తాగు." మన ఇళ్లలో గ్యాస్ మీద పడని నింద లేదు.

రిపోర్టులు బాగున్నాయంటే ధైర్యం రావాలి కదా, నాకు భయం పెరిగింది. మళ్లీ ఎప్పుడు వస్తుందో అన్న దిగులుతో లిఫ్టు ఎక్కడం మానేశాను. మాటిమాటికీ నిట్టూర్పులు, ఆవలింతలు. కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరు వేలికి తగిలించుకుంటే 99 చూపించేది. ఆయాసం మాత్రం ఆగేది కాదు. పక్కింటి పిన్నిగారు ప్రాణాయామం చేయమన్నారు. ఫోనులో చూసి, గాలిని వేగంగా బయటకు కొట్టే కపాలభాతి మొదలుపెట్టాను. కళ్లు తిరిగి కూలబడ్డాను.

చివరికి మా వారు ఒక పెద్ద ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నాడి చూస్తున్నట్టు నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. తర్వాత నవ్వి, "నేను లెక్కపెట్టింది నాడి కాదమ్మా, మీ ఊపిరి. ముందే చెబితే మీరు మార్చేస్తారు. నిమిషానికి 24 ఉంది. ఊరికే కూర్చున్న మనిషికి 12 నుంచి 20 చాలు" అన్నారు.

నాకు గాలి చాలకపోవడం కాదట, ఎక్కువ కావడమట. ఆదుర్దాలో వేగంగా, పైపైన పీలుస్తూ పోతే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటకు పోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుని తల తిరుగుతుంది, వేళ్లకు తిమ్మిరి వస్తుంది. ఆ తిమ్మిరికి బెదిరి మనిషి ఇంకా గట్టిగా పీలుస్తాడు. "గట్టిగా ఊపిరి పీల్చు" అని చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా అందుకే నాకు పనికిరాలేదు.

ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టి ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టుకోమన్నారు. పై చెయ్యి కదలకూడదు, కింది చెయ్యి లేవాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చడం, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం. నిండా కాదు, తేలిగ్గా. అంటే నిమిషానికి ఆరు ఊపిర్లు. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ అనే నరం గుండె వేగాన్ని కొంచెం తగ్గిస్తుంది, అందుకే వదిలే సమయం ఎక్కువ.

మొదట్లో ప్రాణం విలవిలలాడింది. నాలుగు, ఆరు నా వల్ల కాక మూడు, నాలుగుతో మొదలుపెట్టాను. ఆయాసం వచ్చినప్పుడు కాకుండా, ఏమీ లేనప్పుడు రెండు పూటలా పది నిమిషాలు చేయమన్నారు. ఈత వరదలో నేర్చుకోరు కదా! కొన్ని నెలలు మాత్ర కూడా వాడాను, కౌన్సెలింగ్‌కూ వెళ్లాను. ఊపిరొక్కటే అన్నీ నయం చేసిందంటే అబద్ధమవుతుంది.

అమ్మ పొద్దున్నే విష్ణు సహస్రనామం పైకి చదువుతుంది. శ్లోకం పూర్తయ్యేదాకా గాలి వదులుతూనే ఉంటుందని ఇన్నేళ్లకు గమనించాను. 2001లో ఇటలీకి చెందిన లుచానో బెర్నార్డి బృందం ఇదే పరీక్షించింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చదివినా, "ఓం మణి పద్మే ఓం" అనే మంత్రం జపించినా ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు దిగిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఈ సంగతి చెబితే అమ్మ, "దానికి ఇటలీ దాకా వెళ్లాలా?" అంది.

అంకెలు టైపు చేసేటప్పుడు నేను ఊపిరి బిగబడతానని, భుజాలు చెవుల దాకా లేస్తాయని కూడా ఇప్పుడే తెలిసింది. పోర్టల్‌లో చక్రం తిరుగుతున్నంతసేపు భుజాలు దించి గాలి వదులుతాను. లిఫ్టు ఎక్కుతున్నాను. ఎప్పుడైనా వేళ్లు జివ్వుమంటే అదేమిటో తెలుసు కాబట్టి పరుగులు పెట్టను. అయితే ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినవాళ్లు మాత్రం నా మాట విని లెక్కలు పెడుతూ కూర్చోకండి, ముందు ఈసీజీ తీయించుకోండి. క్లయింట్ల సంగతంటారా, కట్టలు ఇప్పటికీ 19నే తెస్తున్నారు.