అమ్మానాన్నల టికెట్ల కోసం పాయింట్లు: 26వ నెల

పటమటలో మా ఇంట్లో కూర్చుని రాస్తున్నా, సెలవుకి వచ్చి 9 రోజులైంది. డల్లాస్ వెళ్ళి 26 నెలలు. టార్గెట్ అదే, గన్నవరంలో ఎక్కి డల్లాస్‌లో దిగేలా అమ్మకీ నాన్నకీ ఒకే బుకింగ్‌లో రెండు టికెట్లు, క్రెడిట్ కార్డు పాయింట్లతో. పోయినేడు వాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు శంషాబాద్ దాకా రాత్రి బస్సు, ఆ పైన విమానం, డల్లాస్‌లో దిగేసరికి నాన్న కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. ఆ రోజే గట్టిగా అనుకున్నా.

కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం ముందు ఇది చెప్తా. ఇక్కడి సిబిల్ స్కోరు అక్కడ లెక్కలోకి రాదు, జీతం ఎంతున్నా సరే. ఇండియాలో అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డు ఉన్నవాళ్ళు ఆ హిస్టరీతో అక్కడ అమెక్స్‌కి అప్లై చేసుకునే దారుంది, నాకు ఆ కార్డు లేదు. అందుకని జీతం పడే బ్యాంకులోనే ఫీజు లేని కార్డు తీసుకున్నా, లిమిట్ 700 డాలర్లు. ఫైకో స్కోరు, అంటే అక్కడి క్రెడిట్ స్కోరు, రావాలంటే కనీసం ఒక అకౌంటుకి 6 నెలలు నిండాలి. ఆ 6 నెలలూ స్టేట్‌మెంట్ వచ్చే ముందే కట్టేసి బ్యాలెన్స్ 70 డాలర్లలోపే, అంటే లిమిట్‌లో పదో వంతులోపే, కనబడేలా చూసుకునేవాణ్ణి, గడువు తేదీ దాకా ఆగితే లాభం లేదు, ఎందుకంటే క్రెడిట్ బ్యూరోకి (మన అప్పుల లెక్క రాసుకునే సంస్థ) వెళ్ళేది మామూలుగా స్టేట్‌మెంట్ రోజు బ్యాలెన్సే.

8వ నెలలో ఒక బ్యాంకు ట్రావెల్ కార్డుకి అప్లై చేస్తే రిజెక్ట్. హిస్టరీ చిన్నదని లెటర్ వచ్చింది. ఆ లెటర్ పారేయకండి, కారణం రాసి పంపడం అక్కడ చట్టం, తర్వాత ఏం సరిచేసుకోవాలో అందులోనే ఉంటుంది.

11వ నెలలో ఇంటికొచ్చినప్పుడు పాత కార్డే వాడా, దానికి ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు 3 శాతం, నాకొచ్చే క్యాష్‌బ్యాక్ 1.5 శాతం, అంటే గీకిన ప్రతిసారీ నష్టమే. అప్పట్నుంచి ఏ కార్డు చూసినా మొదట చూసేది ఆ ఫీజే. ఇక్కడి కార్డు పట్టుకుని అటు వెళ్ళేవాళ్ళకి కూడా ఇదే లెక్క, చాలా కార్డులకి 3.5 శాతం, మీద 18 శాతం జీఎస్‌టీ, మొత్తం 4.13, లక్ష రూపాయలకి 4,130 పోతుంది.

13వ నెలలో చేజ్ బ్యాంకు వాళ్ళ ట్రావెల్ కార్డు సఫైర్ ప్రిఫర్డ్ వచ్చింది. ఏడాదికి 95 డాలర్లు, ఫారిన్ ఫీజు సున్నా, హోటల్లో తింటే డాలరుకి 3 పాయింట్లు, ప్రయాణాలకి 2. నేను తీసుకున్నప్పుడు 3 నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే 60,000 బోనస్, కారు ఇన్సూరెన్సూ సరుకులూ అన్నీ దాని మీదే పెట్టి 71 రోజుల్లో పూర్తి చేశా, బోనస్ కోసం అవసరం లేనిది ఒక్కటీ కొనలేదు. కానీ ఇదే ఎందుకంటే, ఈ పాయింట్లు ఎయిర్ కెనడా వాళ్ళ పాయింట్ల పథకం ఏరోప్లాన్‌కి ఒకటికొకటి వెళ్తాయి, ఎయిర్ ఇండియా 2014 నుంచి స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్స్ కూటమిలో ఉంది, ఎయిర్ కెనడా కూడా అందులోదే, కాబట్టి వాళ్ళ పాయింట్లతో ఎయిర్ ఇండియా సీటు తీసుకోవచ్చు. గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి అమెరికా, అన్నీ ఒకే టికెట్ మీద. ఢిల్లీ విమానం లేటయి తర్వాతది తప్పిపోతే వేరే విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళదే. విడివిడిగా కొంటే అమ్మ ఢిల్లీలో ఒక్కతే కౌంటర్ల చుట్టూ తిరగాలి, నాన్నకి హిందీ అసలు రాదు. నాకు బిజినెస్ క్లాసు కన్నా ఇది ముఖ్యం.

ఈసారి ఇక్కడ వాడిన అనుభవం: బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో 18,500 బిల్లుకి కార్డిస్తే కుర్రాడు నన్నడక్కుండా మెషిన్‌లో డాలర్లు నొక్కేశాడు. క్యాన్సిల్ చేయించి రూపాయల్లో మళ్ళీ గీకించా. డాలర్లు నొక్కితే మారకం రేటు వాళ్ళది, మనకి ఫీజు లేని కార్డున్నా ఉపయోగం ఉండదు. కూరగాయలకీ ఆటోకీ ఈ కార్డు పనికిరాదు, అమెరికా కార్డు యూపీఐకి లింక్ అవ్వదు, ఆ ఖర్చంతా నా ఎన్ఆర్ఓ అకౌంటు (విదేశాల్లో ఉండేవాళ్ళకి ఇక్కడి బ్యాంకుల్లో ఇచ్చే రూపాయల అకౌంటు) నుంచే, అమెరికా నంబరుతోనే యూపీఐ నడుస్తోంది.

ప్రస్తుతం బ్యాలెన్స్ 94,300. ఇంకా ఏరోప్లాన్‌కి పంపలేదు, ఒకసారి పంపితే వెనక్కి రావు, అందుకే ఇద్దరికీ ఒకే రోజు సీట్లు కనబడ్డాకే పంపుతా. ఎయిర్ కెనడాది కాకుండా పార్ట్‌నర్ విమానం కాబట్టి ఒక్కో టికెట్‌కి 39 కెనడా డాలర్ల ఫీజు, పన్నులు వేరే, అవి కూడా లెక్కలో రాసుకున్నా. వేసవి సెలవుల్లో వద్దు, ఫిబ్రవరి చూస్తున్నా.

నిన్న రాత్రి పాస్‌పోర్టులు తీసి చూస్తే నాన్నదాంట్లో ఇంటిపేరు గడి ఖాళీ. టికెట్ మీద పేరు ఎలా ఉండాలో రేపు ఏరోప్లాన్‌కి ఫోన్ చేసి కనుక్కుంటా, ఆ తర్వాతే మిగతాది.