హార్ముజ్ దాటిన రాత్రి

ఫోన్‌లో పాత ఫొటోలు డిలీట్ చేస్తుంటే 2019 జూలై చివర్లోది ఒకటి దొరికింది, షిప్ నడిపే గది, అదే బ్రిడ్జిలో నేను, చేతిలో చల్లారిపోయిన టీ. సౌదీలోని రాస్ తనూరా రేవులో క్రూడ్ ఎక్కించుకుని గల్ఫ్ నుంచి బయటికొస్తున్నాం, ఇరాన్‌కీ ఒమన్‌కీ మధ్యనున్న హార్ముజ్ జలసంధి దాటాలి. సరిగ్గా అంతకు కొన్ని రోజుల ముందే స్టెనా ఇంపీరో అనే బ్రిటిష్ జెండా ట్యాంకర్‌ని ఇరాన్ వాళ్ళు పట్టుకెళ్ళారు, అందులో 23 మంది ఉంటే 18 మంది మన ఇండియన్సే.

టంబ్ దీవుల దగ్గరికి రాగానే షిప్‌లన్నీ వినే రేడియో, వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16లో ఇరాన్ వాళ్ళ పిలుపు, షిప్ పేరేంటి, ఏ దేశం జెండా, ఎక్కడికి పోతున్నారు అని. పాపం మర్యాదగానే అడిగాడు, నాకే గొంతు తడారిపోయింది. మ్యాప్‌లో చూస్తే చుక్కలంత ఉంటాయి ఆ దీవులు, 1971 నుంచి ఇరాన్ చేతిలోనే ఉన్నాయి, ఎమిరేట్స్ వాళ్ళేమో ఇప్పటికీ మావే అంటారు.

అసలు జలసంధిలో మేం వెళ్ళే దారి ఒమన్ వైపుదే, కానీ లేన్ వెడల్పు రెండు నాటికల్ మైళ్ళు, లోడుతో ఉన్న ట్యాంకర్‌ని అక్కడ పక్కకి తప్పించడం అంటే మా ఊరి సందులో లారీ తిప్పినట్టే. ఆ నెల ఇరాన్ జలసంధిని మూయలేదు, ట్యాంకర్ల మీద దాడులు, ఇలా పట్టుకెళ్ళడాలతోనే ఇన్సూరెన్స్ రేట్లు పైకిపోయాయి.

అర్ధరాత్రి రాడార్‌లో చిన్న చిన్న చుక్కలు మా వైపే వస్తుంటే ఐపోయాం అనుకున్నా, తీరా చూస్తే ఒమన్‌లోని ఖసబ్ ఊరికీ ఇరాన్‌కీ మధ్య తిరిగే స్మగ్లింగ్ బోట్లు, మమ్మల్ని పట్టించుకోకుండా రయ్యిమని పోయాయి.

పొద్దున్నే సోంపేట నుంచి అమ్మ ఫోన్, ఎక్కడున్నావురా అని. దుబాయ్ దగ్గరే అమ్మా, అంతా బాగుంది అన్నా.