నెల్లూరు గాలిలో వాల్‌నట్ చెక్క

మన నెల్లూరు జిల్లాలో మంచి చెక్క గురించి మాట్లాడితే ఆ మాట టేకుతో మొదలై టేకుతోనే ముగుస్తుంది. గుమ్మాలకూ మంచాలకూ టేకు, బండికీ నాగలికీ తుమ్మ, ఉదయగిరి గరిటెలకు అక్కడి కొండల్లో దొరికే బిక్కి వంటి కర్రలు. ఏ పనికి ఏ కర్ర వాడాలో మన వడ్రంగులకు వెన్నతో పెట్టిన విద్య. ఈ మధ్య కొత్త ఇళ్లలో వాల్‌నట్ పేరు కూడా వినిపిస్తోంది. అందులో చాలా వరకు ఆ రంగు అచ్చువేసిన సన్‌మైకాయే, కొంత ప్లైవుడ్ మీద అంటించిన వెనీర్ అనే పల్చటి చెక్క పొర. అసలు చెక్కనే కొని బల్లో బీరువానో చేయించుకోవాలనుకునేవారు దానిని టేకులాగే చూస్తే నష్టపోతారన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ చెక్కలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మనం తినే అక్రోటు కాసే చెట్టు కాశ్మీరులో పెరుగుతుంది. శ్రీనగర్ పనివారు నగిషీలు చెక్కేది ఆ చెక్క మీదే. అక్కడ ఆ చెట్టును కొట్టాలంటే చట్టప్రకారం అనుమతి తీసుకోవాలి. రెండవది ఉత్తర అమెరికాకు చెందిన నల్ల వాల్‌నట్. దాని చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, ముదురు గోధుమ రంగులో ఉండి, ఒక్కోసారి ఊదా జీర చూపుతుంది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకూ చేవకూ రంగులో తేడా బాగా కనిపిస్తుంది కనుక అమెరికా మిల్లుల్లో ఆవిరి పట్టించి ఆ తేడాను తగ్గిస్తారు. ఆ ఆవిరికి చేవలోని రంగుల వైవిధ్యం కూడా కొంత మాసిపోతుంది. నాకైతే ఆవిరి పట్టించని చెక్కే ఇష్టం.

గట్టిదనంలో ఇది టేకుకు దగ్గరగానే ఉంటుంది. పనిముట్టు కింద నడిచే తీరు మాత్రం వేరు. టేకులోని సిలికా అనే ఇసుకలాంటి పదార్థం ఉలి పదునును త్వరగా తినేస్తుంది; వాల్‌నట్‌తో ఆ బాధ లేదు. నార నిటారుగా ఉన్న పలక మీద పదునైన చిత్రిక నడిపితే పొట్టు తెగకుండా పొడవాటి చుట్టలుగా లేచి, కింద చెక్క ఉప్పు కాగితం అవసరం లేనంత నునుపుగా మెరుస్తుంది. వేరు మొదట్లోనూ కొమ్మ చీలే చోటనూ నార మెలికలు తిరుగుతుంది. అందం అక్కడే ఎక్కువ, అయితే నార వాటం చూడకుండా చిత్రిక పడితే పెచ్చులు లేచేదీ అక్కడే.

మన ప్రాంతంలో అసలు జాగ్రత్త తేమ విషయంలో కావాలి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలిలో తేమ 80 శాతం దాటితే చెక్క దానిని పీల్చి ఉబ్బుతుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి వీచినప్పుడు అదే చెక్క ఎండి కుంచించుకుపోతుంది. చెక్కలోని తేమ 5 శాతం మారితే, వలయాలు పలక ముఖానికి సమాంతరంగా ఉండేలా కోసిన 300 మిల్లీమీటర్ల నల్ల వాల్‌నట్ పలక వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు మారుతుంది. టేకులో ఆ మార్పు 3 మిల్లీమీటర్లకు లోపే. అందుకని బల్ల పైపలకను కింది చట్రానికి జిగురుతో అంటించకూడదు. చట్రంలో కోలగా తొలిచిన రంధ్రాల గుండా మరలు బిగిస్తే, పలక కదలడానికి చోటుండి పగలదు. కొన్న పలకలను వెంటనే కోయకుండా, మధ్య మధ్య సన్నటి బద్దలు పెట్టి కొన్ని వారాలు పనిచేసే గదిలోనే పేర్చి ఉంచాలి. పాలిష్‌ను కూడా పైముఖానికీ అడుగుముఖానికీ సమానంగా పట్టించాలి, లేకపోతే పలక ఒకవైపుకు వంగుతుంది.

ఎండ విషయంలో వాల్‌నట్ చాలా చెక్కలకు భిన్నమైనది. చాలా రకాలు కాలం గడిచేకొద్దీ ముదురుతాయి, ఇది వెలిసి తేనె రంగుకు తిరుగుతుంది. పడమటి కిటికీ పక్కన వేసిన బల్ల మీద ఏ పూలకుండీనో కదపకుండా ఉంచితే, దాని అడుగున ముదురు మచ్చ మిగులుతుంది. తెర వేయడం, వస్తువులను అప్పుడప్పుడు జరపడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఇనుము తగిలిన చోట తడి చేరితే, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం వల్ల నల్లటి మరకలు పడతాయి. ఉప్పుగాలి తగిలే సముద్ర తీరం వైపు ఇళ్లలో ఇత్తడి మరలే మేలు. తెల్లచెక్కను పురుగు సులువుగా తొలుస్తుంది కాబట్టి, కింద సన్నటి పిండి రాలుతోందేమో చూసుకుంటూ ఉండాలి. వానకూ ఎండకూ నిలవాల్సిన వీధి గుమ్మానికి వాల్‌నట్‌ను నేను సిఫారసు చేయను. అక్కడ టేకుదే స్థానం.

మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది ఆరిపోయే నూనె కాదు; జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, వాల్‌నట్ రంగుకు లోతునూ ఇస్తుంది. పల్చగా రాసి, పావుగంట ఆగి, మిగిలినదంతా తుడిచేసి, పూర్తిగా ఆరాకే రెండో పూత వేయాలి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే అవి తమంతట తామే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి, ఆరుబయట ఆరేయాలి. మళ్లీ నూనె పట్టించడానికి మన వైపు సంక్రాంతి వెళ్లిన తరువాతి వారాలు అనువైనవి. వానల తేమ తగ్గి ఉంటుంది, పడమటి గాలి ఇంకా మొదలై ఉండదు.