సికింద్రాబాద్ స్టేషన్ పోర్టికో కింద

ఖమ్మం నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే చుట్టాలందరికీ మా నాన్న చెప్పే గుర్తు ఒక్కటే: "ఒకటో నంబరు దాటి బయటికొచ్చి, పోర్టికో కింద నిలబడండి, నేనొస్తా." కోట ముఖద్వారాన్ని తలపించే ఆ కట్టడం కింద, సంచుల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఆటోవాళ్ళ కేకల నడుమ నాన్న కోసం ఎదురుచూసిన గంటలు మా ఇంట్లో అందరికీ గుర్తే. అక్కడి గడప రాయి మధ్యలో అరిగి నున్నగా మెరుస్తుండేది. చెప్పులు విడిచి దాని మీద నిలబడితే ఎండాకాలంలోనూ చల్లగా తగిలేది. 2025 ఫిబ్రవరిలో ఆ భవనాన్ని కూల్చుతున్నారని తెలిసి చూడబోయేసరికి రేకుల అడ్డుగోడల వెనుక పొక్లెయిన్ చప్పుడు తప్ప నాకేమీ కనిపించలేదు. ఆ స్టేషన్ ఎలా పుట్టిందో రాసి పెట్టుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

బొంబాయి నుంచి వచ్చిన రైలుమార్గం, మద్రాసు నుంచి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటులోని తమ సైన్యాన్ని ఆ ప్రధాన మార్గంతో కలపాలని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుబట్టగా, దివాన్ మొదటి సాలార్‌జంగ్ కాలంలో, నిజాం రాజ్యపు ఖర్చుతో, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వరకు సుమారు 190 కిలోమీటర్ల మార్గం వేశారు. 1874 అక్టోబరులో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి. అవసరం కంటోన్మెంటుది, డబ్బు హైదరాబాద్ ఖజానాది అన్న సంగతి ఈ స్టేషన్ చరిత్రలో మొదటి పుటలోనే రాసుకోవలసినది.

రెండో పుట ఇంకా ముఖ్యమైనది, కానీ రోజూ ఆ ప్లాట్‌ఫారాల మీద నడిచేవారిలో చాలామందికి తెలియనిది. మార్గాన్ని తూర్పుకు పొడిగించి, చాందా, అంటే నేటి చంద్రపూర్, బొగ్గు ప్రాంతాలను కూడా కలపాలన్న పథకం 1883లో వచ్చింది. లండన్‌లో కంపెనీ పెట్టి, దాని పెట్టుబడి మీద వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఉండాలన్నది అందులోని షరతు. తర్వాత ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే పేరులోని 'గ్యారంటీ' ఆ హామీయే. ఖజానా మీద ఎంత భారం పడుతుందో, ఒప్పందంలో ఏముందో ప్రజలకు చెప్పాలని నగరంలోని చదువుకున్నవారు సభలు పెట్టి అడిగారు. వారిలో ముందు నిలిచిన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, అదే ఏడాది మే నెలలో రాజ్యం నుంచి బహిష్కరించారు. అప్పటికి సరోజినికి నాలుగేళ్ళు. ప్రభుత్వ లెక్క చెప్పమని హైదరాబాద్‌లో జనం నిలదీసిన తొలి సందర్భాల్లో ఒకటి రైలు పట్టాల గురించి కావడం నాకు ఎంతో గర్వంగా అనిపిస్తుంది.

ఆ తర్వాత మార్గం 1886కు వరంగల్, 1889కు బెజవాడ చేరింది. డోర్నకల్ దగ్గర చీలిన శాఖ ఇల్లెందు బొగ్గును బయటికి తెచ్చింది. మా చుట్టాలు ఎక్కే గోల్కొండ నేటికీ ఆ దారినే వస్తుంది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాద్ దాని ముఖ్యకేంద్రమయింది.

పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. సుమారు 700 కోట్ల రూపాయల పని ఇది. పది ప్లాట్‌ఫారాలున్న స్టేషన్‌ను మూసివేయకుండా, కొన్ని రైళ్ళను చర్లపల్లికీ, కాచిగూడకూ, నాంపల్లికీ మళ్ళించి కడుతున్నారు. ఇరుకైన వంతెనల మీద పండుగ రోజుల్లో ముసలివాళ్ళు పడిన అవస్థ చూసినవాడిగా కొత్త భవనం అవసరాన్ని నేను కాదనను. అయితే విన్సెంట్ ఎష్ రూపకల్పనలో 1916లో వెలిసిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు ఇప్పటికీ నిలిచి ఉండగానే అక్కడ రైళ్ళు నడుస్తున్నాయి. సికింద్రాబాద్‌లో కనీసం ముందరి గోడనైనా నిలిపి, వెనుక కొత్తది కట్టి ఉండవలసిందని నా గట్టి అభిప్రాయం. ఇక ఆ అవకాశం లేదు గనుక, కొత్త భవనంలో ఒక గోడను ఈ చరిత్రకు కేటాయించి, 1874, 1883 సంవత్సరాలను అఘోరనాథ్ పేరుతో సహా తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్ద అక్షరాలతో రాయించాలని కోరుతున్నాను.

నిన్న నాన్న ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం పెద్దత్త గోల్కొండలో వస్తోందట. ఎక్కడ నిలబడమని చెప్పాలో తెలియక నన్ను అడిగారు. పదో నంబరు వైపు, భోయిగూడ గేటు దగ్గర నిలబడమనండి, నేనే వెళ్తాను అని చెప్పాను. కాసేపు మాట్లాడకుండా ఉండి, "అక్కడ నీడ ఉంటుందారా?" అన్నారు.