పసిబిడ్డ జ్ఞానస్నానానికి తెల్ల గౌను: కొలతలు, కుట్టే వరస

విశాఖ ఉక్కపోతలో జ్ఞానస్నానం గౌనుకి శాటిను, నైలాన్ నెట్టు పనికిరావు. జ్ఞానాపురం కేథడ్రల్లో అయినా రాస్ హిల్ మీది చర్చిలో అయినా పూజ అయ్యేవరకూ బిడ్డ ఆ బట్టలోనే ఉండాలి. చెమట పీల్చని బట్టా, మెడ దగ్గర గీరుకునే లేసూ బిడ్డని ఏడిపిస్తాయి. అందుకే ఈ గౌనుకి పైమెరుపు కన్నా లోపలివైపు ముఖ్యం.

44 అంగుళాల పన్నా ఉన్న తెల్ల కాటన్ వాయిల్ గానీ కేంబ్రిక్ గానీ 1¼ మీటరు చాలు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే లేసు కూడా కాటన్‌దే అడగండి. బట్టనీ లేసునీ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. లేసుని తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి అంచంతా ముడతలు పడుతుంది.

ఈ కొలతలు 3 నుంచి 6 నెలల బిడ్డకి, పొడవు 27 అంగుళాలు. యోక్ (గౌనులో ఛాతీ మీది పైభాగం) ముందు ముక్క బట్ట మడత మీద 5½ వెడల్పు, 5½ ఎత్తు. వెనక ముక్కలు రెండు, ఒక్కోటి 6½ వెడల్పు. ఆ అదనపు అంగుళం బొత్తాల పట్టీకి. మెడ వెడల్పు 1¾, ముందు లోతు 2¼, వెనక లోతు 1, భుజం 2¼, చంక లోతు 4. వెనక ముక్కలో మెడని అంచు నుంచి కాకుండా, అంగుళం లోపల గీసిన మధ్యగీత నుంచి కొలవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు, తీరా చూస్తే భుజాలు కలవవు. మెడ చిన్నదిగా కనిపించినా ఇంకా తీయకండి. పావు అంగుళం కుట్టులో పోయాక అదే పెద్దదవుతుంది. లైనింగుకీ ఇవే ముక్కలు మరో జత. పావడా, అంటే యోక్ కింది కుచ్చుల భాగం, మొత్తం పన్నా వెడల్పుతో, 26 అంగుళాల పొడవుతో ఒకటే ముక్క.

మిషన్‌కి 9 లేదా 11 నంబరు సూది వేయండి. లావు సూది పలచటి బట్టలో చిల్లులు చేస్తుంది. కుట్టు మొదట్లో బట్ట మిషన్ పళ్ళకిందకి దిగిపోతుంటే అడుగున పలచటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి.

యోక్ వరస తప్పితే పనంతా విప్పాల్సిందే. పైబట్టకీ లైనింగుకీ భుజాలు విడివిడిగా అరంగుళంతో కలపండి. తర్వాత మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, వెనక అంచులు అరంగుళంతో, మెడ, చంకలు పావు అంగుళంతో కుట్టండి. వంపుల్లో కత్తెరతో చిన్న గాట్లు పెట్టాలి, లేకపోతే మెడ చదునుగా కూర్చోదు. ఇప్పుడు వెనక ముక్కల్ని భుజాల సందులోంచి ముందుకి లాగి తిప్పండి. పిన్నీసు సాయం కావాలి. పక్కలు ఇంకా తెరిచే ఉండాలి, ముందే కుట్టేస్తే తిప్పడానికి దారి ఉండదు. తిప్పాక పైబట్టకి పైబట్ట, లైనింగుకి లైనింగు ఆనించి, రెండూ ఒకే గీతలో వచ్చేలా పక్కలు కుట్టండి.

పావడా రెండు గట్టి అంచులూ కలిపి కుట్టండి, వెనక తెరుచుకోడానికి పైన 4 అంగుళాలు మాత్రం వదలండి. కుచ్చులకి పెద్ద కుట్టుతో రెండు వరసలు వేసి బాబిన్ దారాలు లాగాలి. ఒక్క వరసే వేస్తే కుచ్చులు ఒకవైపు పడుకుంటాయి. యోక్ అడుగు 21 అంగుళాలు, కుచ్చులు దానికి సరిపోవాలి. యోక్ అడుగునీ పావడా పై అంచునీ నాలుగు భాగాలుగా గుర్తుపెట్టి, పావడాని యోక్ పైబట్టకే కలపండి. లైనింగుని లోపలికి మడిచి కుట్టు మీదుగా చేత్తో హెమ్మింగు చేస్తే దారప్పోగులు బిడ్డ ఒంటికి తగలవు. కింద 3 అంగుళాలు మడవండి.

టిచ్ బటన్లు వద్దు. సముద్రపు గాలికి తుప్పు పట్టి తెలుపు మీద మరక వేస్తాయి. బిడ్డ వెల్లకిలా పడుకుంటుంది కాబట్టి పలచటి చొక్కా బొత్తాలు, దారపు ఉచ్చులు మేలు. బొత్తాలు గట్టిగా కుట్టాలి, ఊడితే బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. మెడకి రిబ్బను తాళ్ళు కూడా వద్దు. ఫాదర్‌గారు ఛాతీ మీద తైలం రాసేటప్పుడు వెనక పై బొత్తం విప్పితే మెడ వదులై ముందుకి జారుతుంది.

తైలం మరకని ఆ రోజే గోరువెచ్చటి సబ్బునీళ్ళతో తీసేయండి. దాచేటప్పుడు గంజి పెట్టకండి, పురుగు పడుతుంది. ప్లాస్టిక్ కవరు కాకుండా ఉతికిన పాత పంచెలో చుట్టండి. కలరా ఉండలు మాత్రం అసలు వేయొద్దు. జి6పిడి (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైము) లోపం ఉన్న పసివాళ్ళకి ఆ వాసన పట్టిన బట్ట తొడిగితే రక్తకణాలు దెబ్బతిని కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది.