ఏడు నెలల ఆటవెలది: చివరి పాదం ముందు రాస్తున్నప్పటి నుంచి

దసరా సెలవుల్లో మొదలుపెట్టిన పద్యాల సాధనకి ఈ ఏప్రిల్ ఆఖరుతో ఏడు నెలలు నిండాయి. లెక్క ముందే చెప్పేస్తాను: రాసినవి 90, చేతిలో ఉన్నవి 82. తేడా వచ్చిన ఆ 8 ఎటు పోయాయో కింద చెప్తాను. అన్నీ ఆటవెలదులే, ఎందుకంటే నూరు నిండేదాకా తేటగీతి అనే ఇంకో ఛందస్సు జోలికి కూడా వెళ్ళనని మామయ్యకి మాటిచ్చాను.

ఆటవెలదే ఎందుకంటే, వేమన పద్యాలు వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి ఆ నడక ముందే చెవిలో ఉంటుంది, పైగా ప్రాస నియమం (ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే ఉండాలన్నది) లేదు. గణమంటే గురువులూ లఘువులూ కలిసిన చిన్న గుంపు; దీర్ఘమో సున్నానో ఉన్న అక్షరం, ఒత్తక్షరం ముందున్న అక్షరం లాంటివి గురువులు, తేలిగ్గా పలికే పొట్టి అక్షరాలు లఘువులు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, వాటి తర్వాత రెండు ఇంద్ర గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే. సూర్య గణాలు రెండే రెండు: ఒక గురువు, ఒక లఘువు ఉన్నది (‘పాలు’ లాగా), మూడూ లఘువులైనది (‘పరుగు’ లాగా). ఇంద్ర గణాలు ఆరు, వాటి పేర్లు నల, నగ, సల, భ, ర, త. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ఇంతే. మొదలుపెట్టడానికి ఇంతకన్నా ఎక్కువ తెలియక్కర్లేదు, నాకూ తెలియదు అప్పటికి.

మొదటి మూడు నెలలూ బాగా కష్టంగా నడిచాయి. అక్టోబరులో 9, నవంబరులో 7, డిసెంబరులో 4. ఆ అంకెలు చూస్తేనే తెలుస్తుంది ఎటు పోతోందో. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి పదింటికి పుస్తకం తెరిచి, దేని మీద రాద్దామా అని కూర్చునేవాణ్ణి. అమ్మ, రైతు, గోదావరి, స్నేహం, ఇలా అన్నీ పెద్ద పెద్ద విషయాలే తట్టేవి. ఒక పాదం పడేది, రెండో పాదం సగంలో ఆగిపోయేది, ఎందుకంటే అమ్మ గురించి నాకు చెప్పాలని ఉన్నదేమిటో పన్నెండు అక్షరాల్లో పట్టేంత స్పష్టంగా నాకే తెలియదు. మర్నాడు ఆ సగం పద్యం చూడగానే మనసు ముడుచుకుపోయేది, ఇంకో రెండు రోజులు పుస్తకం తెరిచేవాణ్ణే కాదు.

సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. మా మామయ్య రిటైరైన తెలుగు మేష్టారు. ఆయన నా పుస్తకం అంతా ఓపిగ్గా చదివి, తప్పుల గురించి ఒక్క మాట కూడా అనకుండా, “ఒరేయ్, విషయం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నావు నువ్వు. సభలో అప్పటికప్పుడు పద్యాలు చెప్పే అవధానంలో విషయం తట్టేదాకా ఆగుతారట్రా? అడిగే పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు, అక్కణ్ణుంచి పైకి కట్టుకుంటూ పోవాలి” అన్నారు. అని, పెరట్లో బావి గట్టు పక్కనున్న తీగ చూపించి ఒక పాదం ఇచ్చారు: ‘మల్లె తీగ మీద మంచు బొట్టు’. అది పూల కాలం కాదు, తీగకి ఆకులే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం భోజనాల వేళకి పైన మూడు పాదాలూ వచ్చేశాయి. మూడు నెలల్లో ఒక్కపూటలో పూర్తయిన మొదటి పద్యం అదే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. రాత్రి పడుకోబోయే ముందు చివరి పాదం ఒక్కటే రాస్తాను. ఐదు సూర్య గణాలు, ఒక యతి, పది నిమిషాల పని. పైన మూడూ ఆ రాత్రి రాయను, తట్టినా రాయను. పొద్దున హైదరాబాద్ చందానగర్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి లక్డీకాపూల్‌లో దిగేలోపు, సీటు దొరికితే ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, దొరక్కపోతే తలుపు పక్కన నిలబడి ఫోన్లో రాస్తాను. రాత్రంతా ఆ పాదం లోపల ఎక్కడో నానుతూ ఉంటుందేమో, బేగంపేట దాటేసరికి సాధారణంగా రెండు పాదాలు వచ్చేసి ఉంటాయి. జనవరిలో 21 రాశాను. డిసెంబరులో నాలుగు రాసినవాణ్ణేనా నేను అనిపించింది.

ఒక పద్యం విడదీసి చూపిస్తాను, పని ఎలా జరుగుతుందో తెలుస్తుంది. ఒక సాయంత్రం కళ్ళముందే రైలు వెళ్ళిపోయింది. ఆ రాత్రి రాసుకున్న పాదం ‘రైలు కదలిపోయె పరుగు తీయ’. పొద్దున పైవి కట్టి, సాయంత్రం ఫోన్లో మామయ్యకి చదివి వినిపించాను. “రైలుకీ పరుగుకీ స్నేహం ఎక్కడ కుదిరిందిరా?” అన్నారు. నిజమే, ‘రై’కి ‘ప’కి యతి మైత్రి లేదు. ‘బండి’ అంటే సరిపోయింది, బ, ప ఒకే వర్గం కాబట్టి. పైగా మా వైపు రైలుని బండి అనే అంటాం, అంటే సరైన మాట నా నోట్లోనే ఉండగా ఇంకోటి రాశానన్నమాట.

మొదటి పాదంలో ‘చేతిలో డబ్బా’ అని మొదలుపెట్టాను. ‘చేతి’ వరకు బాగానే ఉంది, ఆ తర్వాత ‘లో’ గురువు, ‘బ్బా’ ముందున్న ‘డ’ కూడా గురువే, రెండు గురువులు పక్కపక్కన వస్తే సూర్య గణం ఎక్కడిది? ‘చేత టిఫిను డబ్బ’ అనగానే మూడు గణాలూ చక్కగా కూర్చున్నాయి. రెండో పాదం మొదట ‘మెట్లు ఎక్కినాను మెల్లగాను’. లెక్కకి సరిగ్గానే ఉంది, కానీ ఉకారం మీద అచ్చు వస్తే సంధి చెయ్యాల్సిందే, చేస్తే ‘మెట్లెక్కినాను’ అయి గణం చెడిపోతుంది. ఎక్కడం మానేసి దిగడం పెట్టాను. చివరికి ఇలా తేలింది:

చేత టిఫిను డబ్బ, జేబులో కలమును,
మెట్లు దిగితి నేను మెల్లగాను;
పద్యమందు మనసు పడియుండ నెదుటనే
బండి కదలిపోయె పరుగు తీయ.

‘మెల్లగాను’లో ఆ ‘గాను’ ఇప్పటికీ నాకు నచ్చదు, గణం నింపడానికి పడ్డ ముక్క అది. ఇంకా మంచిది దొరకలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో పుస్తకం పోయింది. రైల్లో సీటు మీద పెట్టి దిగిపోయాను. అందులో 41 పద్యాలు, వేరే కాపీ లేదు. స్టేషన్లలో అడిగాను, దొరకలేదు. రెండు రోజులు అన్నం సహించలేదంటే నమ్మండి. మూడో రోజు రాత్రి కొత్త పుస్తకం కొని, గుర్తున్నవి రాద్దామని కూర్చుంటే, మొదటి గంటలోనే పదిహేను వచ్చేశాయి. ఒక పాదం గుర్తొస్తే యతి పట్టుకుని తర్వాతి సగం వచ్చేది, అది రాగానే కింది పాదం. వారం తిరిగేసరికి 33. రాని ఎనిమిదీ దాదాపు అన్నీ అక్టోబరు, నవంబరుల్లో రాసినవే, విషయం దొరక్క, గణాలు నింపడానికి ఏదో ఒక మాట కుక్కి ముగించినవి. వాటికోసం ఇప్పుడు బాధ లేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ వారం పద్యాలన్నీ ఫోటో తీసి దాస్తున్నాను, మీరు కూడా రాసేవాళ్ళయితే ఈ ఒక్క పని ఇవాళే చెయ్యండి.

ఫిబ్రవరిలో కొత్తవి 19. మార్చిలో 6 మాత్రమే. అకౌంట్స్ ఉద్యోగానికి మార్చి నెలాఖరు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇంటికొచ్చేసరికి పదకొండు, బుర్రలో అంకెలు తప్ప ఏమీ ఉండవు, పొద్దున రైల్లో నిద్ర. ఆ టెన్షన్‌లో కూడా ఒక్కటి వదల్లేదు: రాత్రి చివరి పాదం. పైన కట్టకపోయినా పాదం రాసి పడుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి పదిహేడు పాదాలు పుస్తకంలో వరసగా ఎదురుచూస్తున్నాయి. ఏప్రిల్లో 24 పద్యాలు రాయగలిగింది వాటి వల్లే.

ఈ చివరి పాదాలు ఎక్కణ్ణుంచి వస్తాయని మా తమ్ముడు అడిగాడు. ఎక్కువ భాగం ఇంట్లోంచే. ఒక ఆదివారం పొద్దున పొయ్యి దగ్గర నిలబడి పద్యం ఆలోచిస్తుంటే పాలు పొంగిపోయాయి, మా ఆవిడ వచ్చి పొయ్యి కట్టేసింది. ‘పాలు పొంగిపోయె పద్యమాగె’. పొయ్యి తుడుస్తూ లెక్కపెట్టుకున్నాను, ఐదు గణాలూ సరిగ్గా ఉన్నాయి, పా, ప యతి కూడా కుదిరింది. మన మామూలు మాటల్లో సూర్య గణాలు బోలెడు ఉంటాయి, చెవి అలవాటు పడితే వినిపించడం మొదలవుతుంది. ఇంకోసారి ఒక ఆఫీసులో పనిమీద వెళ్తే కిటికీ అవతలి మనిషి “రేపు రండి సారు” అన్నాడు. ఒట్టి చేతులతో తిరిగొస్తూ మెట్ల మీదే ఆగిపోయాను: రేపు, రండి, సారు, మూడు సూర్య గణాలు! మొదటి పాదంలో సగం ఆయనే ఇచ్చాడు. రెండు ఇంద్ర గణాలు నేను కలిపాను, ర, ల యతితో: ‘రేపు రండి సారు లేదండి సంతకం’. ఇలాంటి వాడుక మాటలు పద్యంలో పెట్టొచ్చా అని మామయ్యని అడిగితే, “ముందు నూరు రాయి, తర్వాత మాట్లాడుకుందాం” అన్నారు. నాకైతే పెట్టాలనే ఉంది. నేను రోజంతా మాట్లాడే తెలుగు పద్యంలో వినిపిస్తే కలిగే సంతోషం, ‘కలమును’ అని రాసినప్పుడు కలగదు.

వారానికోసారి, శనివారం, దత్తపది చేస్తాను. మా అమ్మాయి నాలుగు మాటలు ఇస్తుంది, నాలుగు పాదాల్లో ఒక్కొక్కటి రావాలి. దానికి పదకొండేళ్ళు, ఇచ్చే మాటలు దాని బడి సంచీలోంచే వస్తాయి. ఇప్పటికి తొమ్మిది వారాల్లో ఏడు పూర్తిచేశాను. ‘ఎరేజర్’ దగ్గర రెండుసార్లు ఓడిపోయాను.

సామాన్ల సంగతి: గీతల నోటుబుక్కు, కుడి పేజీ ఖాళీగా వదిలి ఎడమ పేజీలో రాస్తాను, దిద్దుబాట్లన్నీ కుడివైపు. గురువుకి గిన్నెలాంటి గుర్తు, లఘువుకి నిలువు గీత, ఇవి పెన్సిల్‌తో. మాటల కోసం ఆంధ్రభారతి నిఘంటువు ఫోన్లోనే తెరుస్తాను. గణాలు సరిచూసి చెప్పే వెబ్‌సైట్లు ఉన్నాయి, మంచివే, కానీ చేత్తో లెక్కపెట్టాకే అక్కడ పెడుతున్నాను. ముందే అక్కడ పెట్టిన నెలలో నా చెవి ఏమీ నేర్చుకోలేదు.

ఇంకా 18 రాస్తే చేతిలో నూరు. ఇవాళ ఎండ దంచేసింది, మామిడి కాయలు తెచ్చిన ముసలాయన వరండాలో కూర్చుని, ఫ్రిజ్ నీళ్ళు వద్దు, కుండలోవి ఇమ్మని అడిగి రెండు చెంబులు తాగి వెళ్ళాడు. రాత్రికి పాదం రాసేశాను: ‘కుండ నీళ్ళు చాలు గొంతు తడువ’. మొదటి పాదం ఆయన తలపాగాతో మొదలవుతుందని అనిపిస్తోంది, కానీ రేపు బండి ఎక్కేదాకా రాయను.